నా బిడ్డ ఎముకలు తెచ్చుకుందామని వెళ్ళేను

సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్ళారా! సమాధుల పండగ వచ్చిందంటే మీరంతా సున్నం బకెట్లూ బంతిపూల దండలూ పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళేవారు, నేను మటుకు తలుపు గడియ పెట్టుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. నా కొడుకు చనిపోయేడు గానీ, సున్నం వేసుకుందామంటే నాకు వాడి సమాధి లేదండి. దేవుని మందిరంలో నిలబడి చెబుతున్నాను, ఆ రోజుల్లో నాకు దేవుడంటే భయమూ లేదు, భక్తీ లేదు, ఒట్టి కోపం. ఆ కోపంలోంచి ఆయన నన్నెలా బయటికి లాగేడో చెప్పమని మన పాస్టరు అయ్యగారు అడిగేరు. తియ్యగా చెప్పడం నాకు రాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను, ఓపిక పట్టండి.

కొత్తగా వచ్చినవాళ్ళకి నేనెవరో తెలీదు కదా. నా పేరు కరుణమ్మ. మా మాస్టారు ఈ ఊరి ఎలిమెంటరీ స్కూల్లోనే పాఠాలు చెప్పి రిటైరయ్యేరు, అదుగో కిటికీ పక్కన కూర్చున్నారు. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దవాడు ప్రభుదాసు, వాడి తర్వాత సుగుణ. ప్రభుదాసు అమలాపురంలో బి.ఏ. చదివేడు. వాడు వచ్చి నిలబడితే గుమ్మం నిండిపోయేది, అంత మనిషి. చింతకాయ వేసి బొమ్మిడాయి చేపలు పులుసు పెడితే వంటింట్లోనే పీట వేసుకుని కూర్చునేవాడు, కూర దింపేదాకా ఆగేవాడు కాదు, గరిటె నా చేతిలోంచి లాక్కునేవాడు. మాస్టారిలాగే వాడు కూడా బడిపంతులవుతాడని, మా కళ్ళ ముందే ఉంటాడని అనుకున్నానండి.

అలాంటివాడు, రాజోలులో ఉజ్జీవ కూటాలు జరుగుతుంటే, ప్రసంగం అయ్యేక కొండల్లో సేవకి వచ్చేవాళ్ళెవరని అడిగితే, అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు! చుట్టూ ఉన్నవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు, నేను మటుకు కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకున్నాను. నెల తిరక్కుండా మిషను వాళ్ళతో సాలూరు దాటి ఒరిస్సా కొండల్లోకి వెళ్ళిపోయేడు. అక్కడ బడి లేదు, ఆసుపత్రి లేదు, మన మాట తెలిసినవాళ్ళు లేరు. ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడల్లా ఇంకాస్త చిక్కిపోయి వచ్చేవాడు, ఇంకాస్త సంతోషంగా వచ్చేవాడు. ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో ఏం తక్కువైందిరా నీకు అని మనసులో అనుకునేదాన్ని.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది వానాకాలంలో టెలిగ్రాం వచ్చింది. మలేరియా జ్వరం తలకెక్కి పోయేడని, వానలకి దారులు తెగిపోయేయని, అక్కడే మట్టి చేసేశామని! నేను స్నానం చేయించలేదు, ముఖం తుడవలేదు, గుప్పెడు మట్టి వెయ్యలేదు. మా మాస్టారు ఆ కాగితం చేత్తో పట్టుకుని చదివింది మళ్ళీ చదువుతూ వాకిట్లోనే నిలబడిపోయేరు.

మీరంతా వచ్చేరు. నేను నోరు తెరిచి ఏడవబోతే, "ఏడవకూడదండీ కరుణమ్మగారూ, మీ అబ్బాయి మహిమలో ఉన్నాడు, మీరు ధన్యురాలు" అన్నారు. ఒకరు కాదు, వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. ఎవరూ నొచ్చుకోకండి, నా మంచికే అన్నారని నాకు తెలుసు. తర్వాత జ్ఞాపకార్థ కూటం పెట్టి నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి మెడలో దండ వేసేరు. కొడుకు పోయిన తల్లికి దండేంటండీ? నేను బొమ్మలా కూర్చున్నాను. నా ఏడుపు నా గొంతులోనే ఉండిపోయింది.

అది అక్కడే ఉండి జబ్బయింది సహోదరులారా! ముద్ద మింగుడు పడేది కాదు, రొమ్ములో రాయి పెట్టినట్టుండేది, అమలాపురంలో డాక్టర్లు చూసి మీకు ఏ రోగమూ లేదమ్మా అన్నారు. ఈ గుడిలో పాట ఎత్తుకునేదాన్ని నేను, ఆ గొంతు పోయింది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోడానికి సంస్కారం బల్ల దగ్గరికి అందరూ వెళ్తుంటే నేను లేచి చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయేదాన్ని, కొన్నాళ్ళకి అసలు రావడమే మానేశాను. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఒక్కటే. దొడ్లో పొయ్యి ముందు కూర్చుని పైకే అనేదాన్ని: "ప్రభువా, నీకూ ఒక్కడే కొడుకు, నాకూ ఒక్కడే కొడుకు. నీ కొడుకుని నువ్వు మూడోనాడు లేపుకున్నావు. నా కొడుకుని ఎందుకు లేపలేదు? నీకో న్యాయం, నాకో న్యాయమా?" పక్కింటివాళ్ళు గోడ అవతల నుంచి వినేవారు. వింటే విననీ అనుకునేదాన్ని.

ఇంతలో సుగుణ నర్సు ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చింది. ఓ ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుంటే తలెత్తకుండా అంది: "అమ్మా, అన్నయ్య ఉన్న ఊరికి నర్సు కావాలంటున్నారు. నేను వెళ్తానమ్మా."

నేను కంచం తోసేసి లేచేను. "వెళ్ళు. ముందు నన్ను మట్టి చేసి, అప్పుడు వెళ్ళు" అన్నాను.

మాస్టారు, "పిల్ల చెప్పేది కాస్త విను కరుణా" అన్నారు.

"ఏవండీ, ఒకణ్ణి ఇచ్చింది మీకు చాల్లేదా?" అన్నాను. ఆ మాటకి ఆయన కూడా కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

సుగుణ వెళ్ళలేదండి. నా మాట కాదనలేక రాజోలు ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. నేను గెలిచేను! గెలిచి ఏం బావుకున్నాను? పిల్ల డ్యూటీ నుంచి వచ్చేది, పెట్టింది తినేది, చీర మడతపెట్టుకునేది, పడుకునేది. కూర బాగుందా అంటే "ఆయ్" అనేది, ఒంట్లో బాగుందా అంటే "ఆయ్" అనేది. కసిరినా అదే మాట, బతిమాలినా అదే మాట. సంబంధాలు వస్తే "మీ ఇష్టమమ్మా" అనేది, ఆ మాటలో ఇష్టం లేదని తెలిసి నేనే సంబంధాలు వెనక్కి పంపేసేదాన్ని. మా ఇంట్లో అద్దెకున్న మనిషిలా అయిపోయింది నా కూతురు. కొడుకు అక్కడ మట్టిలో, కూతురు ఇక్కడ నా కళ్ళ ముందే, ఇద్దరూ నాకు లేనట్టే అయ్యేరు.

అలా కొన్నేళ్ళు గడిచేయి. ఓ పెద్ద తుఫాను వచ్చి వెళ్ళేక, సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, మావాళ్ళ శవాలైనా దొరకలేదమ్మా అని చెప్పుకుంటుంటే విన్నాను. విని ఇంటికొచ్చి మాస్టారితో అన్నాను, నా కొడుకు ఎక్కడున్నాడో నాకు తెలుసు, వెళ్ళి వాడి ఎముకలు తెచ్చుకుంటాను, మన సమాధుల తోటలో పెట్టుకుంటాను అని. ఆయన వద్దని ఎంతో చెప్పేరు. నేను వినలేదు. వడ్రంగిని పిలిచి టేకుతో పెట్టె చేయించేను, లోపల తెల్లగుడ్డ పరిచేను. మిషను పెద్దలకి కబురు పంపితే, తల్లి ఇష్టం, మేం అడ్డు చెప్పం అన్నారు. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, కొండ ఎక్కలేరు, అందుకని సుగుణ సెలవు పెట్టి నాతో వచ్చింది.

రాజమండ్రి దాకా బస్సు, అక్కణ్ణుంచి విజయనగరానికి రైలు, మళ్ళీ సాలూరు మీదుగా బస్సు, ఆ తర్వాత కాలినడక. పెట్టె ఓ కూలి మనిషి నెత్తి మీద ఉంది. దారంతా నేను దాని వంకే చూస్తూ నడిచేను. సుగుణ నా వెనక నడిచింది.

ఎండ బాగా ఎక్కేక ఊరు చేరేం. పూరిపాకలు, వాటి వెనక ఇప్పచెట్లు, ఆ చెట్ల కింద రాళ్ళు పేర్చిన దిబ్బ, పశువులు తొక్కకుండా చుట్టూ వెదురు దడి. అదీ నా కొడుకు సమాధి. నేను మంచినీళ్ళు కూడా తాక్కుండా, "గునపం ఇవ్వండి" అన్నాను. అక్కడ వాక్యం చెప్పే ఉపదేశిగారు, తెలుగు వచ్చినాయన, ఒకరు ఉన్నారు, ఆయన నా మాట వాళ్ళకి చెప్పేరు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఓ ముసలమ్మ ముందుకొచ్చి నన్నూ పెట్టెనూ చూసి ఏదో అంది.

ఉపదేశిగారు చెప్పేరు: "అమ్మా, మీ అబ్బాయి ప్రాణం పోయింది ఈవిడ ఒళ్ళోనే. జ్వరం వచ్చినన్ని రోజులూ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఈవిడే కూర్చుంది. అబ్బాయి అమ్మా, అమ్మా అని పిలుస్తుంటే, ఆ మాట తనకి తెలీకపోయినా పలికిందిట. తల్లి వచ్చింది కాబట్టి తీసుకెళ్ళనీ, బిడ్డ తల్లికే చెందుతాడు అంటోంది."

ఉపదేశిగారే గునపం తెచ్చి నా చేతికిచ్చేరు. నేను ఎత్తేను. అప్పుడండి, ఆ ఆడవాళ్ళు దిబ్బ చుట్టూ చతికిలబడి ఏడుపు ఎత్తుకున్నారు! శవం లేచేటప్పుడు మన చేలల్లో పనిచేసే ఆడవాళ్ళు ఏడుస్తారే, అలా, నేల మీద అరచేతులతో కొట్టుకుంటూ, జుట్టు విరబోసుకుని, "పొరుబూ, పొరుబూ" అని. ప్రభుదాసు అనడం వాళ్ళ నోటికి రాలేదు, పొరుబు అని పిలుచుకున్నారు నా బిడ్డని. ఏళ్ళు గడిచిపోయినా నిన్న పోయినట్టు ఏడుస్తున్నారు. ఆ ముసలమ్మ నా చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. ఏడవకూడదని ఒక్కరూ అనలేదు సహోదరులారా! నా బిడ్డ కోసం ఎవరైనా గొంతెత్తి ఏడవడం నేను మొదటిసారి వినడం అక్కడే. గునపం నా చేతిలోంచి జారిపోయింది. గొంతులో ఇన్నాళ్ళూ ఉండిపోయిన ఏడుపు బయటికొచ్చేసింది. ఆ రాళ్ళ మీద పడి పొద్దువాలేదాకా ఏడ్చేను, వాళ్ళు నన్ను లేపలేదు, నాతోపాటే కూర్చున్నారు.

వెలుగు కనిపించిందనీ, స్వరం వినిపించిందనీ చెబితే అబద్ధం అవుతుంది. నేనే ఆయనతో మాట్లాడేను: "ప్రభువా, నువ్వు నాకు చేసింది నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ నా బిడ్డ అమ్మా అంటే పలకడానికి ఓ మనిషిని పెట్టేవు. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు తండ్రీ, ఇన్నాళ్ళూ వాడు ఒంటరిగా పోయేడనుకుని చచ్చేను కదా!" అంతే అన్నాను. అని లేచేసరికి నాకు ఆకలేసింది. ముసలమ్మ చిప్పలో అంబలి పోసి ఇస్తే తాగేను, మళ్ళీ పొయ్యమని చిప్ప చాపేను. డాక్టర్లకి దొరకని రోగాన్ని ఆయన ఆ రాళ్ళ దగ్గర తీసేశాడు, దేవునికే మహిమ!

తల తిప్పి చూస్తే, ఓ పాక అరుగు మీద సుగుణ కూర్చుని ఉంది, ఒళ్ళో ఎవరి బిడ్డో, ఆ బిడ్డ కాలికి పుండు కడుగుతోంది, చుట్టూ జనం. ఒకావిడ ఏదో అంటే అర్థం కాకుండానే నవ్వుతోంది. ఆ పిల్ల పళ్ళు కనబడేలా నవ్వి ఎన్నేళ్ళయిందో! నాకు మంట పుట్టింది సహోదరులారా, నిజం చెబుతున్నాను. నా ఇంట్లో నాకు దొరకని నవ్వు ముక్కూముఖం తెలీనివాళ్ళకి దొరికిందే అని. కానీ మంట పుట్టినా, చూడకుండా ఉండలేకపోయేను.

ఎముకలు తేలేదండి. మర్నాడు ఆడవాళ్ళతో కలిసి ఎర్రమట్టి మెత్తి, ఆ దిబ్బని నా చేత్తో అలికి వచ్చేను. పెట్టె ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, "చెదలు పట్టదమ్మా, మందులు పెట్టుకోడానికి బాగుంటుంది" అంది సుగుణ. అక్కడే వదిలేశాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే అన్నాను, "వెళ్ళవే" అని. పిల్ల నా భుజం మీద తల పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఇంకో మాట మాట్లాడితే వద్దనేస్తానేమోనని.

ఆసుపత్రిలో ఉద్యోగం మానేశాక ఈ నెలంతా సుగుణ నా దగ్గరే ఉంది. ఇన్నేళ్ళూ ఒక ఇంట్లోనే ఉన్నాం గానీ, కలిసి బతికింది ఈ నెలే. చేతులకి నూనె రాసుకుని ఇద్దరం కూర్చుని పనసపొట్టు కొట్టుకున్నాం. అంతర్వేది వెళ్ళి, గోదారి సముద్రంలో కలిసే చోట ఇసుకలో కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు తిన్నాం. వాళ్ళన్నయ్య సంగతులు చెప్పుకున్నాం, నాకు తెలియనివి ఎన్ని తెలుసో దానికి! దెబ్బలాడుకున్నాం కూడా, మంచి చీరలన్నీ స్నేహితులకి పంచేస్తుంటే ఊరుకోలేక. జడ వేసేటప్పుడు నా చేతులు కావాలనే నెమ్మదిగా వెళ్ళేవి, వేసిన పాయ విప్పి మళ్ళీ వేసేదాన్ని, దానికి తెలిసినా కదలకుండా కూర్చునేది. ఒక్కోసారి దాన్ని చూస్తుంటే పాత కోపం మళ్ళీ లేస్తుంది. పూర్తిగా నయమైపోయిందని నేను చెప్పను. ఆ కొండల్లో ఇప్పటికీ మలేరియా ఉంది.

మీ ఇళ్ళల్లోంచీ పిల్లలు వెళ్తున్నారు, కొందరు సేవకి, కొందరు మిలిటరీకి, కొందరు ఉద్యోగాలకి. దుఃఖం ఉన్నవాళ్ళు దుఃఖపడండి. తన స్నేహితుని సమాధి దగ్గర మన యేసయ్య కూడా ఏడ్చేడు. కోపం ఉన్నవాళ్ళు నాలాగా గుడి మానెయ్యకండి, ఇక్కడికే వచ్చి ఆయనతోనే దెబ్బలాడండి. ఆయన చెవులు మూసుకోడు, మనల్ని వదిలేసి పోడు. నేను ఆయన్ని తిట్టడానికి ముందే నా బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ ఉండేలా చూసినవాడు, నేను ఏమీ ఎరగని చోట నా పని చేసినవాడు, ఆయన్ని నమ్మొచ్చండి. నమ్మండి. ఈ చేదు నోటితోనే ఆయనకి స్తోత్రం చెబుతున్నాను, పుచ్చుకుంటాడు.

రేపు పొద్దున్న బస్సుకి సుగుణ వెళ్ళిపోతోంది. అదుగో, పాస్టరు అమ్మగారి పక్కన కూర్చుంది. దాని కోసం ప్రార్థన చెయ్యండి. అయ్యగారూ, తప్పుగా అనుకోకండి, ఈ వేళ ప్రసంగం కొంచెం చిన్నది చెయ్యండి. పొయ్యి మీద చారు మరిగించుకోవాలి. నాకు మా అమ్మాయితో కూర్చుని అన్నం తినడానికి ఈ పూటే ఉంది.