జడలో లేని మల్లెపూలు

కరోనా భయం తగ్గి, మాస్కులు గడ్డం కిందికి దిగిన ఏడాది అది. నేను తిరువళ్లూరులో ఒక ఆస్పత్రి ప్రసవాల వార్డులో నర్సుని. ఇల్లు మణవాళనగర్‌లో. మా వార్డులో మంచాల కంటే చుట్టాలు ఎక్కువ, చుట్టాల కంటే సలహాలు ఎక్కువ. ముర్రుపాలు పిండి పారబొయ్యమనే అత్తలతో, ముందు తేనె నాకించాలనే మేనత్తలతో పోట్లాడి పోట్లాడి నా గొంతు గట్టిపడింది. బిడ్డకు తల్లిపాలు అందలేదంటే దాని వెనక ఎవరో ఒక పెద్దావిడ ఉంటుందని నా నమ్మకం. కల్పన విషయంలో ఆ నమ్మకం పనికి రాలేదు.

కల్పన పుట్టిల్లు పూండి దగ్గర పల్లె, అత్తగారిల్లు తిరుత్తణి. భర్తకు ఆత్తిపట్టులో కాంట్రాక్టు పని. తను ఫోన్ల విడిభాగాలు బిగించే కంపెనీలో షిఫ్టులు చేసేది. తొలి కాన్పు, మగబిడ్డ. మొదటి రోజు నేనే పక్కన కూర్చుని లాచింగ్ చేయించాను, అంటే బిడ్డ నోరు పెద్దగా తెరిచి రొమ్మును సరిగ్గా పట్టుకునేలా చూడడం. కొందరు బిడ్డలు రోజుల తరబడి తల్లినీ మమ్మల్నీ ఏడిపిస్తారు. వీడు ఇట్టే పట్టుకున్నాడు. కల్పన మాత్రం వాణ్ని చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు రౌండ్సుకు వెళ్తే ఆ మంచం దగ్గర మల్లెపూల వాసన. చూస్తే కల్పన జడలో పూలు లేవు, వాళ్లమ్మ మునెమ్మ తలలోనూ లేవు. అవి ఎక్కడున్నాయో నాకు అర్థమైంది. పాలు ఇంకిపోవడానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం మా వైపు ఎప్పటి నుంచో ఉంది. బిడ్డ దక్కని తల్లికి కట్టేవాళ్లు. బతికున్న బిడ్డను పక్కలో పెట్టుకుని కట్టుకున్న మనిషిని చూడడం నాకు అదే మొదలు.

మునెమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఏమక్కా, నువ్వు చెప్పినావా ఈ పని?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనేంటికి చెప్తాను సిస్టర్? వద్దు వద్దని మొత్తుకుంటానే ఉండాను. పూలు తనే తెప్పించుకునింది."

కల్పన నెమ్మదిగా అందుకుంది. "రెండు నెలల్లో పనికి పోవాలక్కా. కాంట్రాక్టరు అంతకు మించి ఆగడు. తెల్లారకముందు పోతే పొద్దుగూకినాక వచ్చేది. వీనికి రుచి మరిగించి ఆమీట లాక్కుంటే ఆ ఏడుపు మాయమ్మ ఒక్కతే పడాల. మొదులే చూపించకుంటే వానికి తెలవదు గదా."

"పొయ్యేముందు పాలు పిండి గిన్నెలో పెట్టిపో పాపా, మీయమ్మ స్పూనుతో పట్టిస్తుంది. కంపెనీలో గూడా నడమ నడమ పిండుకుంటే పాలు ఆగవు," అన్నాను.

"యాడ పిండుకునేది? బాత్రూముకు పోతేనే సూపర్‌వైజరు టైం చూస్తాడు."

పాలు ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది, నేనూ మళ్లీ చెప్పాను. కల్పన అన్నిటికీ తలూపింది. ఇంటికి పోయేటప్పుడు వాళ్ల వైరు బుట్టలో పాలడబ్బా ఉంది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కంపెనీలో ఆమె జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నారట. "ఇంక పని లేదక్కా, ఇంట్లోనే ఉంటాను. పాలు వచ్చేటట్టు చెయ్యి," అంది.

ఆగిపోయిన పాలను తిరిగి రప్పించడాన్ని మేము రీలాక్టేషన్ అంటాం. బిడ్డను ఒంటికి ఆనించుకోవాలి, మాటిమాటికీ చీకించాలి, సన్నటి గొట్టంతో డబ్బాపాలు రొమ్ము దగ్గరే అందించాలి. కుదిరిన తల్లులు ఉన్నారు. కల్పన పూండి బస్సెక్కి పట్టువదలకుండా వచ్చేది. మెంతులు, వెల్లుల్లి, పాలసొర చేప, ఎవరు ఏది చెప్తే అది తినేది. చుక్కలు చుక్కలుగా కొంచెం వచ్చాయి. వాడు రొమ్ము దగ్గరికి తెస్తే వెన్ను విరుచుకుని ఏడ్చేవాడు, సీసా కనపడితే నవ్వేవాడు. మొదటి రోజు ఇట్టే పట్టుకున్న బిడ్డేనా వీడు అనుకునేదాన్ని.

ఒకరోజు రవిక సర్దుకుంటూ, "వానికి తెలవకూడదనుకున్నాను గదక్కా. తెలవనే లేదు," అంది. ఆ తర్వాత రాలేదు.

డబ్బాపాలతో పెరిగే బిడ్డలు లేరా అంటే ఉన్నారు. వాడూ బాగానే పెరిగాడు. అయినా ఆగని ఉద్యోగం కోసం ఆ పిల్ల తన పాలు ఆపుకుందే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు చెకప్‌కు వచ్చే గర్భిణిని "పాలిస్తావా" అని అడగను, ఇస్తాననే అంటారు అందరూ. "పనికి ఎప్పుడు పోవాల, యాడికి, బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు" అని అడుగుతాను. పాలివ్వాలా వద్దా అన్నది తల్లి మనసులోనే తేలదని, కంపెనీ బస్సు వేళ దగ్గర కూడా తేలుతుందని కల్పన వల్లే తెలిసింది. తెలిసినా చాలామందికి నేను చేయగలిగింది తక్కువే.

కిందటేడు తిరుత్తణి బస్టాండులో కనిపించింది, కొడుకు చెయ్యి పట్టుకుని. పూలమ్మే ఆమె వస్తే ఇద్దరికీ చెరొక మూర కొయ్యమన్నాను. కల్పన ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకొద్దక్కా. ఆ వాసన పడదు," అని పిల్లవాణ్ని ఎత్తుకుంది.