కారణం రాయని మార్కు

లియోనిదా నుఫాబ్లెని మా కాలేజీలో అందరూ నీదా అక్క అనే పిలుస్తారు. చేపల పెంపకం చెప్పే ప్రొఫెసరు. ఎవరైనా మర్యాదకి "డాక్టర్ నుఫాబ్లె" అంటే, ఎవర్ని పిలుస్తున్నారా అని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నత్త గుల్లల్లోంచి మాంసం తీసినంత ఓపిగ్గా కాగితాలు చదువుతుంది.

నేను పీజీ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా గుమస్తాని. నా పేరు జోవీ. మా దగ్గరి చక్కెర వ్యాపారులు పెట్టిన ట్రస్టు ఒకటి ఏటా ఆరుగురికి పీజీ పరిశోధన కోసం స్కాలర్‌షిప్పు ఇస్తుంది. దరఖాస్తులు నా బల్ల మీదకే వస్తాయి. ముగ్గురు ప్రొఫెసర్లు చదివి వందకి మార్కులు వేస్తారు. నేను కూడి, పై ఆరు పేర్లూ ట్రస్టుకి పంపిస్తాను. ఇన్నేళ్లలో ఆ మార్కుల గురించి ఎవరూ నోరెత్తింది లేదు.

రెండేళ్ల కిందట పంతొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. శుక్రవారం మీటింగనగా గురువారం పొద్దున్నే నీదా అక్క మా ఆఫీసుకి వచ్చింది. చేతిలో అరటాకులో చుట్టిన తీపి అన్నం పొట్లం ఉంది కానీ విప్పలేదు.

"జోవీ, నా మార్కుల కాగితం ఏదీ?"

"కవరు అంటించేశానక్కా."

"విప్పు."

"విప్పకూడదక్కా. రేపు అందరి ముందే విప్పాలి."

"సరే, విప్పకు. నాలుగో నంబరు ఫైలూ, పదిహేడో నంబరు ఫైలూ ఇలా ఇవ్వు. ఇక్కడే కూర్చుని చదువుకుంటా."

గంటన్నర చదివింది. కళ్లజోడు తీసి నా వైపు చూసిన చూపుకి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అనుకున్నాను.

"నాలుగోదానికి యాభై నాలుగు వేశానే. పదిహేడోదానికి ఎనభై ఆరు. ఇద్దరూ అడుగుతున్నది ఒకే ప్రశ్న. వానలకి నది పొంగి మంచినీళ్లు దిగితే, నది సముద్రంలో కలిసేచోట పెంచే ఆల్చిప్పలు ఎందుకు చచ్చిపోతున్నాయి, వాటిని ఎలా బతికించుకోవాలి అని. ఈ పదిహేడో అబ్బాయి ఇంగ్లీషు చూడు, వెన్న రాసినట్టుంది. కానీ నమూనాలు ఎప్పుడు తీస్తాడట? జనవరి నుంచి ఏప్రిల్ దాకా. చావులు జులైలో మొదలవుతాయి. జనవరిలో వెళ్లి ఏం లెక్కపెడతాడు, వాడి మొహం?"

"మరి నాలుగో నంబరు?"

"జూన్ నుంచి నవంబరు దాకా, వారానికోసారి. ఆల్చిప్పలు కట్టిన తాళ్లు మూడు లోతుల్లో వేలాడదీస్తుందట. పై నీళ్లు మంచినీళ్లయినా కింద ఉప్పు మిగులుతుందేమో చూడ్డానికి. నది తెలిసిన మనిషి. ఇంగ్లీషు మాత్రం చేపల బజారులో బేరమాడినట్టుంది. సిఫార్సు ఉత్తరం రాసింది ప్రొఫెసరు కాదు, జాలర్ల సంఘం పెద్ద. రెండంటే రెండు వాక్యాలు." ఫైలు మూసింది. "నేను ఇంగ్లీషుకి మార్కులు వేశాను జోవీ. వేయమని ట్రస్టు నియమాల్లో ఎక్కడా లేదు."

మర్నాడు మీటింగులో కవర్లు విప్పకముందే ఆవిడ ఈ సంగతి చెప్పేసింది. కమిటీలో మిగతా ఇద్దరూ డాక్టర్ గసాతాయా, రోవెనా. గసాతాయా గారు రిటైర్మెంటుకి రెండేళ్ల దూరంలో ఉన్న పెద్దాయన. నోరు పెద్దది, మనసు మంచిది. రోవెనా కొత్తగా చేరిన అమ్మాయి, ఆయన ముందు మాట్లాడటానికి జంకేది.

గసాతాయా గారు నాలుగో ఫైలు మీద పేరు చూసి పగలబడి నవ్వారు.

"రోసెల్డా ఫమతిద్! ఫ అంటే ఏ ఊరు? మియగావ్. నుఫాబ్లె అంటే? అదీ మియగావే. ఏమ్మా నీదా, మీ ఊరి ఆడపడుచుకి మార్కులు పెంచుదామనా?"

మా దీవిలో ఇంటిపేరు వింటే ఊరు తెలిసిపోతుంది. స్పానిష్ దొరలు ఇంటిపేర్లకి మొదటి అక్షరాలు ఊరికిన్ని అని పంచిపెట్టి పోయారు. నీదా అక్క మొహం ఎర్రబడింది కానీ గొంతు పెరగలేదు.

"ఆ పిల్లని నేనెప్పుడూ చూడలేదు సార్. అయినా మీరన్నది నిజమే, బయటివాళ్లూ అదే అంటారు. అందుకే ఆ ఒక్క మార్కూ మార్చమని అడగటం లేదు. పంతొమ్మిదీ, ముగ్గురం, మొదటినుంచీ మళ్లీ వేద్దాం."

"పిచ్చా నీకు? పేపర్లు దిద్దాలి, వచ్చేవారం పరీక్షలు!"

"ట్రస్టు గడువు ఇంకా పది రోజులుంది."

"ఇన్నేళ్లూ ఇలాగే వేశాం. ఏ కొంప మునిగింది?"

అప్పుడు చెప్పింది నీదా అక్క. నాకూ అప్పటిదాకా తెలియదు. ఆవిడ తల్లి మగ్గం నేసేది. నీదా అక్క ఇరవై రెండేళ్లప్పుడు ఇలాంటి స్కాలర్‌షిప్పుకే దరఖాస్తు పెట్టింది. రాలేదు. మరుసటేడూ పెట్టింది. రాలేదు. రెండుసార్లూ ఒకే వాక్యం వచ్చింది, చింతిస్తున్నాము అని. తొమ్మిదేళ్లు హైస్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది.

"రాలేదని ఏడవలేదు సార్. ఎందుకు రాలేదో తెలియలేదు. తెలివి లేదా, రాయడం రాలేదా, మా ఊరు నచ్చలేదా? తెలిస్తే దిద్దుకునేదాన్ని. తొమ్మిదేళ్లు ఏం దిద్దుకోవాలో తెలియకుండా గడిచిపోయాయి. ఇప్పుడు ఆ పిల్లకి నేను అదే చేశాను."

రోవెనా మెల్లగా అంది, "సార్, నేను కూడా ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం భోజనం చేశాక చదివినవాటికన్నిటికీ నావి తక్కువ మార్కులే. నిద్రమొహంతో వేశాను."

"మీ ఇద్దరూ కలిసి నన్ను రాక్షసుణ్ణి చేసేలా ఉన్నారు," అని గొణిగి గసాతాయా గారు ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రానికి పద్ధతి తేల్చారు. పేరు, ఊరు, చదివిన కాలేజీ కనపడకుండా కప్పేయాలి. ఒక్కొక్కరూ వేరే వరుసలో చదవాలి. ఒక ఫైలు మొత్తం చదివేసి మార్కు వేయడం కాదు. ముందు పంతొమ్మిదింటిలోనూ ప్రశ్న ఎంత మంచిదో చూసి వేయాలి, తర్వాత పంతొమ్మిదింటిలోనూ పని చేసే విధానం చూసి వేయాలి. ప్రతి మార్కు పక్కనా ఒక వాక్యం కారణం రాయాలి. కారణం రాయని మార్కు చెల్లదు. ఒకే ఫైలుకి ఇద్దరి మార్కులకీ మధ్య బాగా తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి, కానీ మార్చుకొని తీరాలని లేదు.

కప్పే పని నాది. కాగితం ముక్కలు కత్తిరించి, పంతొమ్మిది ఫైళ్లలో పేరు ఎక్కడెక్కడుంటే అక్కడల్లా అంటించాను. పాత నంబర్లు గుర్తుండిపోయి ఉంటాయని ఫైళ్ల నంబర్లు కూడా మార్చేశాను. గసాతాయా గారు ఒకదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోవడం చూసి, "సార్!" అన్నాను.

"దుమ్ముందేమోనని చూస్తున్నానమ్మాయ్," అన్నారు. ఆ మర్నాడు ముక్కల మీద ఇంకో ముక్క అంటించాను.

ఆ వారం ముగ్గురూ చిక్కిపోయారు. ఆల్చిప్పల ఫైళ్లు రెండింటినీ నీదా అక్క ఎటూ గుర్తుపడుతుంది. అందుకని వాటికి తన మార్కులు లెక్కలోకి తీసుకోవద్దని తనే రాసిచ్చింది. ఆ రెండింటికీ మిగతా ఇద్దరి సగటే తీసుకున్నాం.

లెక్క కూడిన రోజు ముగ్గురి ముందూ పేర్లు విప్పాను. వెన్నలాంటి ఇంగ్లీషు ఫైలు జెర్విస్ అనే అబ్బాయిది. గసాతాయా గారి పాత శిష్యుడు! దాని పక్కన ఆయన స్వహస్తాలతో రాసిన కారణం నేనే పైకి చదివాను: "ఆల్చిప్పలు చచ్చే కాలంలో ఇతను ఇంట్లో కూర్చుంటాడు." అబ్బాయి పన్నెండో స్థానంలో ఉన్నాడు.

పెద్దాయన కాసేపు ఆ కాగితం వంక చూసి, బల్ల గుద్ది నవ్వారు. "మొదటిసారి పేరు చూసి, లోపల చదవకుండానే ఈ గాడిదకి తొంభై వేశాను. నేనే కదా చదువు చెప్పింది!"

పాత మార్కుల కవర్లు కూడా విప్పి చూస్తే, రోసెల్డా ఫమతిద్ పదహారో స్థానం నుంచి ఏడో స్థానానికి వచ్చింది.

ఉన్నవి ఆరు. ఆరో మనిషికీ ఆవిడకీ మధ్య తేడా మూడు మార్కులు.

రోవెనా, "అక్కా, మూడే కదా... విధానం దగ్గర నేను కొంచెం గట్టిగా పట్టానేమో," అంది. ఆశ్చర్యం ఏమిటంటే గసాతాయా గారు కూడా తలూపారు.

"వద్దు," అంది నీదా అక్క. "ఏం కారణం రాశావు?"

"తాళ్లన్నీ ఒకేచోట వేస్తానంది. బతికితే లోతు వల్ల బతికాయా, ఆ చోటు మంచిదవడం వల్ల బతికాయా తెలియదు."

"ఆ మాట నిజమేనా?"

"నిజమే."

"అయితే ఇప్పుడు పేరు తెలిశాక కలిపితే, మొదట నేను చేసిందీ ఇదీ ఒకటే. ఆరో అబ్బాయి ఏం పాపం చేశాడు?" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. ఆవిడ వీపు చూస్తేనే తెలిసింది, ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో.

అయితే ఆ ఏడు రానివాళ్లు పదముగ్గురికీ ఉత్తరాల్లో కారణాలు రాసి పంపించాలని పట్టుబట్టింది. "దెబ్బలాటకి వస్తారు," అన్నారు గసాతాయా గారు. "రానీండి," అంది.

ఒకావిడ వచ్చింది. జూన్‌లో, కుండపోత వానలో, జీప్నీ బండి దిగి తడిసిపోతూ. ముప్పై ఏడేళ్లుంటాయి. పదకొండేళ్లు చేపపిల్లల కేంద్రంలో తొట్లు కడిగి, పని చేసుకుంటూనే డిగ్రీ పూర్తి చేసిందట. ఉత్తరం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చింది.

"నేను రోసెల్డాని మామ్. మీరు మూడు కారణాలు రాశారు. రెండోది తప్పు."

నీదా అక్క కుర్చీ జరిపింది. "కూర్చో. ఏది తప్పు?"

"నీళ్లలో ఉప్పు ఎలా కొలుస్తానో చెప్పలేదని రాశారు. చెప్పాను. ఆరో పేజీ, కింద."

నేను ఫైలు తెచ్చాను. ఆరో పేజీలో అడుగున, వంకర ఇంగ్లీషులో, కొలిచే సాధనం, కొలిచే వేళ అన్నీ ఉన్నాయి. నీదా అక్క రెండుసార్లు చదివింది.

"తప్పు మాదే. ఒక మార్కు కలవాలి. కలిసినా నువ్వు ఏడో దానివే. ట్రస్టుకి మాత్రం రాస్తాను, మేం చూసుకోలేదని."

రోసెల్డా దెబ్బలాటకి సిద్ధపడి వచ్చిన మనిషి. ఇలా ఒప్పుకుంటారని అనుకోలేదు కాబోలు, సంచి మడతపెడుతూ ఉండిపోయింది. తర్వాత, "మొదటి కారణం మాత్రం ఒప్పే మామ్," అంది. "ఒకేచోట వేస్తే కుదరదు. దారిలో వస్తుంటే తోచింది. దానికి ఇప్పుడేం చేయాలి?"

నీదా అక్క తల అడ్డంగా ఊపింది.

"అది నేను చెప్పకూడదమ్మా. వచ్చే ఏడు నీ ఫైలు నేనే చదువుతాను. నీకొక్కదానికే చెబితే మిగతావాళ్లకి అన్యాయం. సెప్టెంబర్లో ఒక శనివారం అందర్నీ పిలుస్తాను. ఉత్తరం అందిన పదముగ్గుర్నీ, ఇంకా రావాలనుకున్నవాళ్లనీ. అందరి ముందూ అడుగు, అందరి ముందూ చెబుతాను."

"శనివారం నాకు తొట్ల డ్యూటీ మామ్."

"అయితే ఆదివారం. ప్రార్థన అయ్యాక."

ఆ ఆదివారం ముప్పై మంది దాకా వచ్చారు. రోసెల్డా ముందు వరుసలో కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. జెర్విస్ వెనక కూర్చున్నాడు. గసాతాయా గారు వాణ్ణి ముందుకి పిలిచి, "ఏరా, ఈసారైనా వానలో తడుస్తావా?" అన్నారు. అందరూ నవ్వితే వాడూ నవ్వాడు. టీ దగ్గర వాడూ రోసెల్డా చాలాసేపు మాట్లాడుకోవడం చూశాను. వాడికి పాత పరిశోధనల గురించి తెలుసు, ఆవిడకి నది తెలుసు.

మరుసటేడు, మళ్లీ గుర్తుపడతానని ఆల్చిప్పల ఫైళ్లను నీదా అక్క చదవలేదు. పక్క కాలేజీ నుంచి ఒకాయన్ని పిలిపించింది. పేర్లు విప్పినప్పుడు రోసెల్డా రెండో స్థానంలో ఉంది. జెర్విస్ ఐదు. ఇంగ్లీషు ఇప్పటికీ చేపల బజారుదే, తాళ్లు మాత్రం నదిలో నాలుగుచోట్ల. ఫలితం చెప్పడానికి ఫోన్ చేసింది నేనే. అవతల తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు మధ్య, "కారణాలు పంపిస్తారా మామ్?" అంది.

"వచ్చినవాళ్లకి కూడానా?" అన్నాను.

"వచ్చినా తెలుసుకోవాలి కదా, ఇంకా ఏం బాగాలేదో."

ఆ మాట చెబితే నీదా అక్క తల పంకించి, అప్పటికప్పుడు కాగితం తీసుకుని ఆరుగురికీ రాయడం మొదలుపెట్టింది.

ఈ ఏడు నలభై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. తమలాంటివాళ్లకి రాదులే అనుకున్న ఊళ్ల నుంచీ, రెండు చిన్న దీవుల నుంచీ కూడా. కప్పడానికి కాగితం ముక్కలు కత్తిరించలేక నా వేళ్లు బొబ్బలెక్కాయి. రిటైరైన గసాతాయా గారు కూడా వచ్చి సాయం కూర్చున్నారు. కత్తెర పట్టుకుని ఆయన గొణుగుతూనే ఉన్నారు. నీదా అక్క మాత్రం మొదటి ఫైలు ముందుకి లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, చదవడంలో మునిగిపోయింది.