పావురం ఈక

అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కృష్ణా నది ఒడ్డున ఊరు. మెట్ల మీద పావురం ఈక కనిపిస్తే చాలు, తీసి ఉఫ్ అని ఊదేవాడు. తేలిగ్గా లేచిందంటే జేబులో వేసుకుని, తర్వాత ఊరెళ్లినప్పుడు గాలానికి దారంతో కట్టేవాడు.

“నీళ్లు తక్కువున్న కాడ దీన్ని ఆడిస్తే పురుగనుకొని చేప ఎగిరొస్తది సారూ. గుండ్రటి పుట్టి పడవల నేను గాలం ఏస్త, మా ఆమె తెడ్డేస్తది.”

మొన్న ఎండాకాలం ఆమె కామెర్లతో పోయింది. దినాలు చేసి తిరిగొచ్చిన రోజు, మెట్ల మీద ఒక ఈక ఏరి అతని చేతిలో పెట్టాను. నా తెలివి అంతే.

“తెడ్డేసేటోళ్లు లేకుంటే పుట్టి ఉన్నకాడనే గిర్రున తిరుగుతది సారూ,” అన్నాడు.

అలవాటు కొద్దీ ఈకను ఊదాడు. చక్కగా లేచింది. దాన్ని మళ్లీ మెట్టు మీదే పెట్టి, చీపురు అందుకున్నాడు.