పోలేరమ్మకు ప్రమోషన్

రోశమ్మ వెల్దుర్తి పక్క పల్లెలో నాపరాళ్ల క్వారీకి కూలికి పోయేది. ఆదివారం మాత్రం పోలేరమ్మకు పూజారి. ఆమెకు ముందు అత్త, అత్తకు ముందు అత్తగారి అత్త చేశారు. పసుపు పూసిన రాయి, ఒక కోడి, కాస్త కల్లు. అమ్మవారికి ఇంకేం కావాలో ఎవరూ అడగలేదు. అమ్మవారూ చెప్పలేదు.

బాలకోటయ్యకు మాత్రం ఎలాగో తెలిసింది. జడ్పీటీసీగా గెలిస్తే గుడి కట్టిస్తానని ఆ రాయికే మొక్కి, పొట్టేలును కోయించి, గెలిచాడు. మాట తప్పలేదు. గోపురం లేచింది. దానికన్నా ఎత్తున ఆయన ఫ్లెక్సీ లేచింది. నరసరావుపేట నుంచి పంతులుగారు దిగారు. రాయి ముందు పాలరాతి విగ్రహం నిలబెట్టి, పోలేరమ్మను రాజరాజేశ్వరీ దేవిని చేశారు. కోళ్లూ పొట్టేళ్లూ నిషేధం. ఇన్ని తరాలుగా తమను కాసింది క్షుద్రదేవతని పాపం ఊరికి అప్పుడే తెలిసింది.

"మరి నేనో?" అంది రోశమ్మ.

"నువ్వు బయట ఊడ్చు అత్తా. అదీ సేవే గదా!" అన్నాడు బాలకోటయ్య పెద్దమనసుతో.

రోశమ్మ చీపురు ముట్టలేదు. ఆ గుడి దారినే పోవడం మానేసింది. ఆదివారం వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, ఊరికే ఇల్లు అలికేది.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. బాలకోటయ్య యాగం చేయించాడు, అయినా ధైర్యం చాల్లేదు. పులిహోర తినే అమ్మవారు ఎదుటి పక్షాన్ని ఏం చేయగలదని అనుమానం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం రోశమ్మ ఇంటికొచ్చాడు.

"అత్తా, పొట్టేలును తెచ్చా. క్వారీ ఎనక ఎవురూ చూడకుండా కానిచ్చెయ్."

"అమ్మోరేమన్నా దొంగతనం చేసిందా, చాటున తినటానికి? గుడి ముందరే చేస్తా, ఊరంతా చూడాల. అమ్మోరి నైవేద్యం కుండ నువ్వే నెత్తినెత్తుకోవాల."

"పంతులుగారు ఊరుకోరే!"

"ఆయనకి ఈడ ఓటు లేదుగా కోటయ్యా."

ఆ మాట బాలకోటయ్యకు వేదంలా వినిపించింది. ఆదివారం కుండెత్తుకుని, డప్పులకు తగ్గట్టు అడుగులు కూడా వేశాడు. పంతులుగారు తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. 'గ్రామీణ సంస్కృతికి పెద్దపీట' అని పేపర్లో ఫొటో పడింది. బాలకోటయ్య గెలిచాడు.

తర్వాత గుడి కమిటీ కూర్చుని శాస్త్రోక్తంగా తీర్మానించింది: ఆదివారం గర్భగుడికి తాళం, మెట్ల దగ్గర రోశమ్మ. మిగతా రోజులు అమ్మవారు శాకాహారి.

మొన్న ఒక కొత్త కోడలు కోడిపుంజుతో వచ్చి మెట్ల దగ్గర తటపటాయించింది.

"ఏ పేరున మొక్కాల పెద్దమ్మా?"

"ఆకలి మీదున్న మనిషిని పేరడుగుతావా ఏందే? ముందు కోడిని ఇటు తే," అంది రోశమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ.