వాగు దాటని రోజుల లెక్క

మా మరిది మొన్న పోయాడు. వాన లెక్కల రిజిస్టరు మీద తల ఆనించి కునుకు తీస్తున్నాడనుకుని, మా తోడికోడలు టీ చల్లారేదాకా లేపలేదు. తాగడం లేదని మొదట కోప్పడిందట కూడా.

పినపాక దాటాక అడవిలో, మా వాగుకు అవతలి గట్టున, ముళ్లకంచె మధ్య వాన కొలిచే డబ్బా ఒకటి ఉంది. రోజూ పొద్దున వాగు దాటి వెళ్లి, అందులో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి, రిజిస్టరులో రాసి, కింద ఉన్న ప్రాజెక్టుకు కబురు చేయడం ఆయన ఉద్యోగం. దాన్ని బట్టి అక్కడ గేట్లు ఎత్తేవారు. ముప్పై ఏళ్లు చేశాడు. ఏమంత చురుకైన మనిషి కాదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకునేవాడు. చెబితే, “పైనోళ్లు వాన సూస్తరు గని నా గుండీలు సూస్తరా వదినా” అనేవాడు.

చేరిన మొదటి వానాకాలం వాగు పొంగితే, దాటలేక మా ఇంటికొచ్చాడు. నేను లెక్కల టీచర్ని. పిల్లల పేపర్లు దిద్దుతున్నాను.

“వదినా, డబ్బా కాడికి పోలేకపోయిన. గీ గడిల ఏం రాయాలె?”

తల ఎత్తకుండానే చెప్పాను. “ఖాళీగ పెడితే ఆఫీసోళ్లు నిన్ను ఇంటికి పంపుతరు. సున్నా పెట్టు. సున్నా గూడ అంకెనే.”

ఆ ముక్క ఆయనకు వేదవాక్కయింది. వాగు పొంగిన ప్రతి రోజూ సున్నా. వాగు తగ్గాక వెళ్తే డబ్బా పొర్లిపోయి ఉండేది. ఎంత పొర్లిందో ఎవరికి తెలుసు? పారబోసి వచ్చేవాడు. ఎవరైనా నవ్వితే, “సున్నా గూడ అంకెనే, మా వదిన చెప్పింది” అనేవాడు.

అయినా ఇన్నేళ్లూ కొంప మునగలేదు. గేట్ల దగ్గరి లస్కర్ తెలివైనవాడు. జోరువానలో మా మరిది నుంచి సున్నా అని కబురొస్తే, “అవ్, వాగు దాటలేదన్నట్టు” అని గేట్లెత్తేవాడు. వాళ్లిద్దరికీ సున్నా అంటే అన్నిటికన్నా పెద్ద వాన.

లస్కర్ రిటైరయ్యాడు, కంప్యూటర్ వచ్చింది. మా మరిది రిజిస్టర్లన్నీ దానికి ఎక్కించారు. ఒక్క గడీ ఖాళీ లేదని మెచ్చుకుని ఆయనకు శాలువా కప్పారు. మా మనవరాలి ఈడు ఇంజినీరమ్మాయి ఓపికగా చెప్పింది: “రేపు ఎన్ని నీళ్లొస్తయో ఎవరికీ తెల్వదు తాతా. గందుకే కంప్యూటర్‌ల ఉన్న మోడల్ నీ పాత లెక్కలు నేర్చుకొని, వందల రకాల రేపులు ఊహించి, ఇయ్యాల ఎంత వదిలితే నష్టం తక్కువో చెప్తది.”

తిరిగొస్తూ అన్నాడు: “వందల రేపులట వదినా. అన్నీ నా నిన్నలతోనే చేసిన్రట.”

“నీ గుండీల లెక్కనే ఉంటయి పో” అని ఎగతాళి చేశాను.

పోయిన వానాకాలం మూడు రోజులు వాగు తగ్గలేదు. మూడు సున్నాలు పంపాడు. కంప్యూటర్ వాటిని నమ్మి, యాసంగి పంటకు నీళ్లు దాచమంది. మూడో రోజు మధ్యాహ్నం గేట్లన్నీ ఒక్కసారే ఎత్తాల్సి వచ్చింది. కింది గూడెంలో మనుషులు గుట్టెక్కారు. రిటైరయ్యాక అక్కడే ఉంటున్న మోకాళ్ల నొప్పుల లస్కర్ ఎక్కలేకపోయాడు. రెండు రోజులకు తుమ్మకంపలో దొరికాడు.

ఇంజినీరమ్మాయి రిజిస్టర్లు తిరగేసింది. “సున్నా పెట్టుమని ఎవరు చెప్పిన్రు తాతా?”

నేను పక్కనే ఉన్నాను. నా నోటికి తాళం లేదని ఊరంతా అంటుంది. ఆ రోజు పడింది.

“నాకే తోచింది బిడ్డా” అన్నాడు మా మరిది.

“తెల్వకపోతే ఖాళీ పెట్టాలె తాతా. ఖాళీ ఉంటే తెల్వదని మోడల్‌కు అర్థమైతది. సున్నా పెడితే నమ్ముతది.”

అప్పటి నుంచి ఎర్ర పెన్ను పట్టుకుని, వాగు దాటని రోజులు గుర్తు తెచ్చుకుంటూ, ఒక్కో సున్నా కొట్టేస్తూ కూర్చున్నాడు. ఈ వానలు ముదిరేలోపు మోడల్‌కు మళ్లీ నేర్పాలి, లేకపోతే కింది గూడెం మళ్లీ మునుగుతుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. ఇంకా పదకొండేళ్ల రిజిస్టర్లు మిగిలాయి. వాటిలో ఏ సున్నా నిజమో, ఏది నేను పెట్టించిందో చెప్పగలిగినవాడు లేడు.

పాడె మీద ఆ శాలువానే కప్పారు. వద్దంటే ఎందుకో చెప్పాలి. అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

కొత్త మనిషిని వేసేదాకా ఫోన్ నాకొస్తోంది. ఈ పొద్దున వాగు పొంగింది. “ఎంత అమ్మమ్మా?” అంది అమ్మాయి. జన్మంతా లెక్కలు చెప్పిన నోటితో “తెల్వదు బిడ్డా” అన్నాను. గడి ఖాళీగా వదిలి, గొడుగేసుకుని గట్టు దాకా వెళ్లాను. అవతల, కంచె మధ్య, డబ్బా అంచు మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.