మా సార్ వేయించిన నీటి చుక్క

మా సార్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను నాచారంలో, మా మందుల కంపెనీ ల్యాబులో, ఒక సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాను. ఫోన్ చేసింది మేడమ్, అంటే సార్ భార్య. "పొద్దున్న ఆరింటికి వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. సీసా కింద పెట్టి, చూసింది పుస్తకంలో ఎక్కించి, ఆ తర్వాత వెళ్ళి చేతులు కడుక్కున్నాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే ఆయనకి గిట్టేది కాదు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, చాలా ఉంది. కానీ ఉత్త మంచే రాస్తే, బతికుంటే ఈ కాగితాన్ని ముందుగా చింపేది ఆయనే. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను తిట్టుకున్నా సరే, ఆయన్ని తిట్టుకున్నా సరే.

ఉప్పల్ దారిలో ఒక పరిశోధన సంస్థలో ఆయన రసాయన శాస్త్రవేత్త. నాకు పీహెచ్‌డీ గైడు. జీవితమంతా ఒకటే పని చేశారు. అణువుల్ని చిన్న గిన్నెల్లాగా కట్టడం, వందరకాల సరుకు కలిసి ఉన్నచోట ఆ గిన్నె తనకి కావలసిన ఒక్కదాన్నే పట్టుకునేలా చూడటం. మొదటి రోజే నన్నడిగారు: "ఉప్పల్ రింగురోడ్డు బస్టాపులో సాయంత్రం రెండొందలమంది ఉంటారు. మీ అమ్మ బస్సు దిగి నేరుగా వచ్చి నీ చెయ్యే పట్టుకుంటుంది. ఎలా?"

"మా అమ్మ గద సార్. గుర్తు పడ్తది."

"అణువుకి కళ్ళు లేవు కదా అమ్మాయ్, మరి అదెలా పడుతుంది? అది చెప్పు, డాక్టరేటు పట్టుకుపో."

నేను ఆయన దగ్గర చేరింది డాక్టరేటు కోసం కాదు, నీళ్ళ కోసం. మాది నల్గొండ వైపు ఊరు. మా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నలభై ఐదేళ్ళు నిండకముందే మా అమ్మ మోకాళ్ళు మడవడం మానేశాయి. కింద కూర్చోవాలంటే గోడ పట్టుకుని జారాల్సిందే. ఫ్లోరైడ్‌ని పట్టుకోగానే రంగు మారే గిన్నె ఒకటి కడితే, దాన్ని సీసాలో పోసి ఊరికి పట్టుకెళ్ళొచ్చు. ఏ బోరు నీళ్ళు పోస్తే ఎర్రబడుతుందో ఆ బోరు నీళ్ళు తాగొద్దు. నా ఆశ ఇంతే. సార్‌తో చెప్పాను. "బాగుంది. ముందు ఆ ఫ్లాస్కులు కడుగు" అన్నారు.

ఆయన దగ్గర ఎవరి గాజుసామాను వాళ్ళే కడుక్కోవాలి. ఆయనా అంతే. అంత పెద్ద మనిషి, చొక్కా చేతులు మడిచి సింకు ముందు నిలబడి, మూడుసార్లు మంచినీళ్ళతో తొలిచి, తలకిందులుగా బోర్లించి వెళ్ళేవారు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఆయన్నే అటెండరనుకుని "సార్ ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నారు, చేతులు తడిగా ఉన్నాయి, కూర్చోండి" అనేవారు. నాచారంలోని ఇంటినుంచి రోజూ నడిచే వచ్చేవారు. స్టీలు డబ్బాలో పెరుగన్నం, గోంగూర పచ్చడి. ఆ గోంగూర కోసం మేం ఆయన డబ్బా చుట్టూ ఈగల్లా మూగేవాళ్ళం. ఎవరైనా గొప్ప పేపరు తెచ్చి చూపిస్తే మొదటి పేజీ చదవరు. వెనక పేజీలకి పోయి, ఏం కలిపారు, ఎంత కలిపారు, ఎలా కలిపారు అనేది చదువుతారు. "ముందు వంటిల్లు చూడాలి, తర్వాత విస్తరి" అనేవారు. ఇంకో మాట కూడా ఉండేది, దాన్ని మేం వెనక వెక్కిరించేవాళ్ళం: "రంగు చూసి మురిసేది తిరనాళ్ళలో పిల్లలు. మనం కాదు."

మూడో ఏడు మా గిన్నె తయారైంది. నీళ్ళు లేని ద్రావకంలో కలిపి, ఫ్లోరైడ్ ఉప్పు వేస్తే, కాస్త పసుపుగా ఉన్నది చిక్కటి ఎరుపైపోయింది. క్లోరైడ్ వేస్తే మారదు, బ్రోమైడ్ వేస్తే మారదు. ఫ్లోరైడ్‌కే! నేను ల్యాబులో గెంతాను. సార్ గెంతలేదు గానీ ఆ రోజు అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. పేపరు అచ్చయింది. ఆ పేపరు మీద ఆయనకి పెద్ద బహుమతి ఒకటి రాబోతోందని చెప్పుకున్నారు. నేను ఊరికి ఫోన్ చేసి అమ్మతో చెప్పాను. అమ్మ వాడకంతా చెప్పింది, మా బిడ్డ సీసా తెస్తదని.

ఆ తర్వాత ఊరికెళ్ళినప్పుడు మా బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చాను. ల్యాబులో ఎవరూ లేనప్పుడు ఎర్రటి ద్రావణంలో ఒక్క చుక్క వేశాను. ఎరుపు పోయింది. మంచినీళ్ళు వేసి చూశాను, పోయింది. ఫ్లోరైడ్ అసలు లేకుండా కాస్త క్షారం వేసి చూశాను. చిక్కటి ఎరుపు వచ్చింది.

అంటే మా గిన్నె ఎవరినీ పట్టుకోలేదు. ఫ్లోరైడ్ వచ్చి దానినుంచి ఒక హైడ్రోజన్‌ని లాక్కుని పోయింది, అంతే. ఏ క్షారమైనా చేసే పని. జేబు కొట్టేసి పోతుంటే మేం కౌగిలి అనుకున్నాం. ఇక నీళ్ళు తగిలితే ఆ జేబు కొట్టడం కూడా చేతకాదు ఫ్లోరైడ్‌కి. మా రంగంలో చాలామంది పడిన గుంటే ఇది, కానీ గుంటలో పడ్డప్పుడు ఎవరికి వాళ్ళం ఒక్కళ్ళమే అనిపిస్తుంది.

చూసిందల్లా ల్యాబు పుస్తకంలో ఎక్కించాలి. మా పుస్తకాల్లో పేజీలకి నంబర్లుంటాయి, చింపడానికి లేదు. నేను ఎక్కించలేదు. ఒక వడపోత కాగితం మీద రాసుకుని సొరుగులో పడేశాను. ఆ పని చేసింది నేనే, ఎవరూ చెయ్యమనలేదు.

ఏడాది గడిచింది. థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా సెమినార్ చెప్పాలి. హాలు నిండుగా ఉంది. బయటి సంస్థనుంచి వచ్చిన ఒక పెద్దాయన మామూలుగానే అడిగారు, "నీళ్ళలో పని చేస్తుందా అమ్మా?" అని. "చూస్తున్నాం సార్" అన్నాను. అప్పుడు ముందు వరసలోంచి మా సార్ లేచారు.

"చూస్తున్నాం కాదు. వెళ్ళి సీసా తీసుకురా. ఇక్కడే చూద్దాం."

తెచ్చాను. "నీళ్ళు వెయ్యి" అన్నారు. వేశాను. ఎరుపు పోయింది. "ఇంకో సీసాలో క్షారం వెయ్యి." వేశాను. ఎర్రబడింది. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు.

"ఇది నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

తలూపాను.

"ఎప్పటినుంచి? నోటితో చెప్పు."

"ఏడాది నుంచి సార్."

"అయితే ఈ థీసిస్ ఇవ్వడానికి లేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నాం" అని కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. అంతమంది ఎదుట నన్ను తొలిచి బోర్లించారు.

ఊరికెళితే అమ్మ గోడ పట్టుకుని నిలబడి, "సీసా ఏది బిడ్డ?" అంది. అది పని చెయ్యదని చెప్పాను. "పోనీ తియ్. నీళ్ళు ఎట్లనో తాగుతనే ఉన్నం గద" అంది. వాడలోని ఆడవాళ్ళు మర్యాదకి ఏమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, డాక్టరేటు చేతికి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆయన నా బల్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ రంగు ఎందుకు అబద్ధమాడిందో దాని మీదే నా థీసిస్. ప్రతి అంకె తను కూడా తీసి చూసేవారు. జ్వరమొస్తే మేడమ్‌తో చారు పంపారు. ఆయనకి రావలసిన బహుమతి రాలేదు, దాని గురించి ఎత్తలేదు. ఆ హాలు గురించీ ఎత్తలేదు. నేను ఆయన్ని ద్వేషిస్తూ, ఆయన దగ్గర ఉన్నదంతా నేర్చుకున్నాను. ఈ రోజు మా కంపెనీలో ఏదైనా మందు మీద నాకు అనుమానమొస్తే, పైవాళ్ళు ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టను. ఆ మొండితనం ఆయన పెట్టిన తిండి. దానికి రుణపడి ఉన్నాను, ఒప్పుకుంటాను.

పదకొండు రోజుల కిందట చూడటానికి వెళ్ళాను. మూత్రపిండాలు పోయాయి, ముందుగదిలో మంచం వేశారు. మేడమ్ వంటింట్లో ఇడ్లీ పెడుతున్నారు. ఆయన ఏమీ తినడం లేదని గుమ్మంలోనే చెప్పారు. సార్ నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ఆ పేపరు పంపే ముందు వారం, నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు, నీ సీసాలో ఒక చుక్క నీళ్ళు వేశాను" అన్నారు. "పోయింది."

నాకు మొదట అర్థం కాలేదు. "పంపకముందేనా సార్?"

"ముందే. పుస్తకంలో ఎక్కించలేదు. ముక్క కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. చొక్కాతో పాటు ఉతుక్కుపోయింది. సెమినార్‌లో ఆ పెద్దాయన నీళ్ళ మాట అడిగినప్పుడు లేచి నేను చెప్పాలి. నిన్ను లేపాను."

ఒకే గదిలో ఏడాదిపాటు ఇద్దరం ఒకటే దాచామన్న మాట. దొంగ మాత్రం నేనొక్కదాన్నే అయ్యాను. రోగి మంచం పక్కన ఉన్నానని తెలుసు. అయినా ఆగలేదు.

"మా అమ్మ సీసా ఏదని అడిగితే, మోసం జేసింది నేనే అనుకున్న సార్. ఇన్నేండ్లు గదే అనుకుంట బతికిన. మీరు జెప్పిన్రా? ఇప్పుడు సచ్చేముందు జెప్తే నాకేం రావాలె? నేను మిమ్మల్ని మాఫ్ చెయ్య. ఎన్నటికీ చెయ్య."

"చెయ్యకు" అన్నారు సార్. కళ్ళు మూసుకున్నారు.

మేడమ్‌కి చెప్పకుండానే బయటికొచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలనిపించిన రోజు కూడా వెళ్ళలేదు.

ఇక ఈ పొద్దున, ఫోన్ వచ్చాక వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. పాత విద్యార్థులు కొందరు దండలు పట్టుకుని నిలబడ్డారు. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. మేడమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళారు.

"ఆ రోజు నువ్వు వెళ్ళిపోయాక రెండు ఇడ్లీలు తిన్నారమ్మా" అన్నారు. "అంతకుముందు వారం రోజులుగా ఏదీ ముట్టని మనిషి. సాయంత్రం దాకా పడుకున్నారు. గురక కూడా పెట్టారు. ఎన్నేళ్ళయిందో ఆయన అలా నిద్రపోయి. అంత మంచి మాట ఏం చెప్పావమ్మా?"

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే వీధి వెనక పట్టాల మీద మౌలాలి వైపు పోయే గూడ్సు బండి కూత అందుకుంది. ఆ చప్పుడులో ఏమీ వినపడదు. మేడమ్ నా చెయ్యి వదలకుండా, బండి పోనిమ్మన్నట్టు తలూపి, ఆగారు. ఒక్కో డబ్బా పోతూనే ఉంది. చివరి డబ్బా కూడా పోయింది. వీధంతా సద్దుమణిగింది. మేడమ్ ఇంకా నా మొహంలోకే చూస్తున్నారు.