పెద్ద సిస్టర్ చెయ్యి

కఫం లాగే సక్షన్ మిషన్ నాబ్‌ను చివరిదాకా తిప్పితే తప్ప పెద్ద సిస్టర్‌కి తృప్తి ఉండదు. గొట్టం గొంతులోకి దిగగానే రోగి గిలగిల కొట్టుకుంటాడు, మానిటర్ మీద ఆక్సిజన్ అంకె జారిపోతుంది, అలారం గోల పెడుతుంది. ఆమె మోచేత్తో దాని నోరు నొక్కేస్తుంది.

"కొంచెం తగ్గించి తియ్యండమ్మా, ఆయనకి ఊపిరాడట్లేదు," అని ఒక రోగి భార్య బతిమాలింది.

"నాకే నేర్పుతావా? కఫం రావాలా, వద్దా? బయటికి నడు!"

ఆ వారమే పెద్ద సిస్టర్ తల్లిని ఆ రోగి పక్క మంచం మీదికి తెచ్చారు. తల్లి దగ్గర సిస్టర్ నాబ్‌ను రెండు వేళ్లతో సగానికి తగ్గించింది. అంకె మీంచి చూపు తిప్పకుండా, ఆగి ఆగి, "అయిపోయిందమ్మా, ఇంకొక్కసారి," అంటూ కఫం తీసింది.

తర్వాత అదే చేత్తో, ఆ భార్య చూస్తుండగానే, ఆమె మొగుడి మంచం దగ్గర నాబ్‌ను చివరిదాకా తిప్పింది.